గోగో గోడ మీద నా చుక్కలు

ముందే చెప్తున్నాను, ఈ లండన్ ఇంగ్లండ్‌లోది కాదు, కెనడాలో ఒంటారియోలో ఉన్నది. పేర్లకి కరువొచ్చినట్టు ఇక్కడ కూడా ఒక థేమ్స్ నది ఉంది. నా కాలేజీ ఈ లండన్‌లో. నేను మాత్రం 2023 ఆగస్టు నెలంతా విండ్సర్‌లో, మా జగిత్యాల కాలేజీలో నాకు సీనియర్ అయిన లావణ్యక్క వాళ్ళ హాల్లో, సోఫా మీద గడిపాను. ఆ ఏడాది ఎక్కడ చూసినా మనవాళ్ళే. ఫ్లైట్ నిండా మనవాళ్ళే, కాలేజీ అడ్మిషన్ గ్రూపుల్లో మనవాళ్ళే, ఒక్క గది ఖాళీ ఉందని యాడ్ పడితే క్షణాల్లో దాని కింద వరసలు కట్టేది కూడా మనవాళ్ళే. నేను మెసేజ్ పెట్టేలోపు ‘అయిపోయింది’ అని జవాబు వచ్చేది. ఒకచోట బేస్‌మెంట్ నిండా పరుపులు ఆనించి ఆనించి వేసి ఉన్నాయి. ఇంటాయన చాలా మర్యాదగా, ఏ మూల కావాలో చెప్పమన్నాడు. ఇంకోచోట ఫోటోల్లో కనిపించిన గది ఆ ఇంట్లో లేనేలేదు. ఇటు క్లాసులు వారంలో మొదలవుతాయి. లావణ్యక్క పల్లెత్తు మాట అనలేదు కానీ, ఆమె రూమ్మేట్లు నా సూట్‌కేసు చుట్టూ తిరిగి వెళ్ళేటప్పుడు కొంచెం గట్టిగా ఊపిరి వదలడం మొదలుపెట్టారు. ఇంకొక్క వారం చూసి, అప్పటికీ ఏదీ కుదరకపోతే సెమిస్టర్ వాయిదా వేసుకుని ఇంటికి తిరిగి వెళ్ళిపోదామని లోపల్లోపల నిర్ణయించుకున్నాను. ఆ మాట అమ్మకి ఎలా చెప్పాలో రోజూ రాత్రి రిహార్సల్ చేసుకునేదాన్ని.

అలాంటప్పుడు థాండి గారి యాడ్ కనిపించింది. మేడ మీద ఒక గది, అమ్మాయిలకి మాత్రమే, వంటిల్లు కలిసి వాడుకోవాలి. ఫోన్ చేస్తే ఆమే ఎత్తారు. లండన్‌లో ఒక హాస్పిటల్లో నర్సు, సౌత్ ఆఫ్రికా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందట. ఆదివారం వాళ్ళమ్మాయి పెళ్ళి, పెళ్ళయ్యాక ఖాళీ అయ్యేది ఆ అమ్మాయి గదే. ‘గది నాదే కానీ, అందులో ఎవరు పడుకుంటారో మా అమ్మ చూడాలి. పెళ్ళి కోసం ఊరి నుంచి వచ్చింది, మంగళవారం వెళ్ళిపోతుంది. శనివారం రాగలవా?’ అన్నారు. వస్తానన్నాను. ఇంటర్వ్యూ అంటే భయమే గానీ, ఇంటర్వ్యూ చేసేది ఒక అమ్మమ్మ అంటే ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

‘పెళ్ళింటికి గది చూడనీకి పోతవానే? వాళ్ళ పనుల వాళ్ళుంటరు,’ అంది లావణ్యక్క.

‘వాళ్ళే రమ్మన్నరక్కా.’

‘అయితే పో. మంచిగ మాట్లాడు. నీ తొందర చూపెట్టకు.’ నా తొందరపాటు అక్కకి బాగా తెలుసు.

విండ్సర్ నుంచి లండన్‌కి ట్రైన్‌లో రెండు గంటలు. టికెట్ ముందే కొనుక్కుంటే చవక, ఆఖర్లో కొంటే యాభై డాలర్ల దాకా అవుతుంది. నేను వెళ్ళేటప్పుడు తెలుగు గ్రూపులో దొరికిన రైడ్ పట్టుకున్నాను. భీమవరం ప్రసాద్ అంకుల్ ఐటీ ఉద్యోగం విండ్సర్‌లో, కుటుంబం బ్రాంప్టన్‌లో, అందుకని ప్రతి శనివారం పొద్దున ఏడింటికి బయల్దేరతారు. పెట్రోలుకి ఇరవై డాలర్లు ఇస్తే దారిలో లండన్‌లో దింపుతారు. 401 హైవే ఎక్కాక చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. మొక్కజొన్న చేలు, గాలిమరలు, మళ్ళీ మొక్కజొన్న చేలు. మధ్యలో సర్వీస్ సెంటర్‌లో కాఫీకి ఆపినప్పుడు అంకుల్ అడిగారు.

‘ఎవరిల్లమ్మా అది? మనోళ్ళదేనా?’

‘సౌత్ ఆఫ్రికా వాళ్ళదంకుల్. ఎన్‌డెబెలె వాళ్ళట.’

‘అదేం కులమండీ బాబూ?’

కులం కాదు, ఒక జాతి అని చెప్పాను. ఆయన కాఫీ ఊదుకుంటూ, తొందరపడి ఒప్పేసుకోవద్దనీ, ఇంకో నాలుగు రోజులు చూస్తే మనవాళ్ళ ఇల్లే దొరుకుతుందనీ సలహా ఇచ్చారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ‘మనోళ్ళ బేస్‌మెంట్ చూసే వస్తున్నా అంకుల్. నాకు ఏ మూల కావాల్నో అడిగిన్రు,’ అన్నాను. ఆయన పెద్దగా నవ్వేసి, నాకు కూడా ఒక డోనట్ కొనిచ్చారు. మంచి మనిషే, అలవాటు కొద్దీ అడిగిన ప్రశ్న అంతే.

కార్లో ఫోన్ తీసి ఎన్‌డెబెలె అని వెతికాను. తెల్ల గోడల మీద నల్ల గీతల మధ్య నీలం, పసుపు, ఎరుపు నింపిన ఇళ్ళు వచ్చాయి. మెడ నిండా ఇత్తడి కడియాలు వేసుకున్న ఆడవాళ్ళ ఫోటోలు వచ్చాయి. జింబాబ్వేలో కూడా ఇదే పేరున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారనీ, వాళ్ళ చరిత్ర వేరనీ ఉంది. ఇంతకంటే ఎక్కువ చదివేలోపు లండన్ వచ్చేసింది. డౌన్‌టౌన్‌లో దిగి మూడు డాలర్లతో సిటీ బస్సెక్కి, స్టాప్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఇల్లు. థాండి గారు గుమ్మంలోనే పలకరించి, ఉల్లిపాయల చేతులతో నన్ను నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళారు.

అక్కడ గరాజ్ పక్క గోడ ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ బూడిద రంగు, గోధుమ రంగు. ఈ ఒక్క గోడ మాత్రం పండగ బట్టలు కట్టుకుని నిలబడినట్టుంది. మెట్లు మెట్లుగా ఎక్కే నల్ల గీతలు, మధ్యలో నీలం, ఇటుకరంగు, ఆవపువ్వు పసుపు. ఇటు సగం ఎలా ఉందో అటు సగం అలాగే ఉంది. గోడ ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ లేవకుండానే నన్ను తేరిపార చూసింది. భుజాల మీద చారల దుప్పటి, మెడలో పూసలతో కప్పిన లావాటి కడియం. అందరూ ఆమెని గోగో అంటారు, అంటే అమ్మమ్మ. బస్సులో నేర్చుకున్న ‘లోఛాని’ అనే నమస్కారం ఒక్కటి అప్పగించేశాను. ఆమె నవ్వి టీ కప్పు ఇచ్చింది. నేను అలవాటుగా రెండు చేతులతో అందుకున్నాను. పెద్దవాళ్ళ దగ్గర వాళ్ళు కూడా అలాగే అందుకుంటారని తర్వాత తెలిసింది. నాకు తెలియకుండానే ఒక మార్కు పడింది.

గది చూపించారు. ఏటవాలు కప్పు, ఒక మంచం, ఒక బల్ల, మూటలు కట్టిన పెళ్ళికూతురి సామాను. కిటికీలోంచి చూస్తే గోగో గోడ కనిపిస్తుంది. నచ్చింది అంటే చిన్నమాట. తలుపుకి లోపల గొళ్ళెం ఉంది! నెల రోజులు హాల్లో పడుకున్నదానికి గొళ్ళెం విలువ తెలుస్తుంది. నా ముందే ఇంకో ఇద్దరమ్మాయిలు వచ్చి చూసి వెళ్ళారు. అందులో ఒకామెకి మంచి ఉద్యోగం కూడా ఉందని విని నా గుండెలో రాయి పడింది. సాయంత్రం అమ్మతో మాట్లాడి చెప్తానన్నారు థాండి గారు. నా ట్రైన్ సాయంత్రం ఏడున్నర తర్వాత కాబట్టి అప్పటిదాకా ఉండిపోవచ్చా అని అడిగాను. పెళ్ళింట్లో ఖాళీ చేతులకి పని దొరక్కపోదని ఆమె నవ్వారు.

అలా మధ్యాహ్నమంతా గోగో పక్కన గడ్డిలో కూర్చున్నాను. ఆమె గీస్తూ వాళ్ళ భాషలో చెప్తుంటే, పక్కనే కూరగాయలు కోస్తూ థాండి గారు నాకు ఇంగ్లీషులో చెప్పారు. నూట నలభై ఏళ్ళ కిందట వాళ్ళ రాజు, శరణు కోరి వచ్చిన ఇంకో నాయకుణ్ణి అప్పగించను పొమ్మన్నాడట. అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్ళైన బోయర్ల సైన్యం కొండని చుట్టుముట్టింది. జనం పశువుల్ని, పిల్లల్ని తీసుకుని కొండ గుహల్లో దాక్కున్నారు. నెలల తరబడి ముట్టడి, చేలు తగలబెట్టారు, చివరికి ఆకలికి ఓడి బయటికొచ్చారు. రాజుని జైల్లో వేశారు. భూమంతా బోయర్ రైతులు పంచుకున్నారు. మనుషుల్ని కూడా పంచుకున్నారు, ఈ కుటుంబం ఈ ఫారానికి, ఆ కుటుంబం ఆ ఫారానికి అని, కూలి లేని చాకిరీకి. గోగో తాతమ్మ అలా పంచబడ్డ పిల్ల. ఎవరెక్కడున్నారో తెలియని ఆ రోజుల్లో, ఆడవాళ్ళు తాముండే మట్టి గోడల మీద తమ గుర్తులు గీశారని, దొరలు అదేదో సోకు అనుకుని వదిలేశారని, దూరం నుంచి గోడ చూస్తే చాలు, మనవాళ్ళు ఇక్కడున్నారని తెలిసేదని గోగో చెప్పింది. ఇప్పుడు మనం చూసే ఈ రంగుల గోడలు అంత పాతవి కావని, ఇంకా తర్వాతి కాలంలో మొదలయ్యాయని రాసినవాళ్ళు ఉన్నారని తర్వాత చదివాను. అయినా ఆ గోడ ముందు కూర్చుని విన్న కథే నాకు గుర్తుండిపోయింది.

నన్ను కదిలించింది మాత్రం రంగుల సంగతి. మొదట్లో వాళ్ళు కూడా పేడతో అలికి, తడి మీద వేళ్ళతో గీతలు లాగేవారట. తెల్లమట్టి, ఎర్రమట్టి, పొయ్యి మసి. నీలం కావాలంటే బట్టలకి పెట్టే నీలిమందు. డబ్బా రంగులు ఆ తర్వాత వచ్చాయి. మా నాయనమ్మ గడపకి ఎర్రమట్టి పూసి సున్నంతో చారలు తీయడం గుర్తొచ్చి నా చేతులు ఊరుకోలేదు. కుంచెకి బదులు గోగో కోడి ఈక వాడుతుంది. వెంట తెచ్చుకున్న ఈకలు ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటే, ఇక్కడ పార్కులో రాలిన బాతు ఈకలతో సరిపెట్టుకుంది. కెనడా ఈక మరీ బిరుసు అని ఆమె ఫిర్యాదు. నేను కూడా ఏదైనా చేస్తానని అడిగాను. తలుపు పక్కన మిగిలిన చివరి ముక్క చూపించి, దానికి తెల్లరంగు వేయమంది. అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది. పెళ్ళికూతురు లిండీవే పూసల నడుం పట్టీ కట్టుకోవడం రాక తిప్పలు పడుతోందట. గోగో లేచి లోపలికి వెళ్ళింది.

తెల్లరంగు వేశాను. ఎండకి చకచకా ఆరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టే లేదు. ఖాళీ తెల్లటి చదరం ముందు నిలబడితే నాకు ఒకటే అనుమానం. చుక్కలు లేకుండా ఈవిడ ఇటూ అటూ సమానంగా ఎలా తెస్తుంది? ముసలామె, పొద్దున్నుంచి పని చేస్తోంది, చుక్కలు పెట్టి ఉంచితే ఆమెకి సులువవుతుంది కదా. చుక్క పెట్టాకే గీత అనేది మాకు నడక కంటే ముందు నేర్పుతారు. నల్ల రంగులో వేలు ముంచి, నడుమ ఏడు చుక్కలు, ఇటూ అటూ తగ్గించుకుంటూ ఒకటి దాకా, సందు చుక్కలతో ముచ్చటగా పెట్టేశాను. ఒక్కటి కూడా పక్కకి పోలేదు. వెనక్కి జరిగి చూసుకుంటుంటే థాండి గారు గిన్నెతో బయటికొచ్చారు.

ఆమె మొహం చూశాక నాకు విషయం అర్థమైంది.

‘మా అమ్మ గోడ మీద మేమెవ్వరం చెయ్యి పెట్టం. నేను కూడా పెట్టను,’ అన్నారు మెల్లగా. ‘ఆమె ఎప్పుడూ కొలవదు. గుర్తులు పెట్టుకుని గీసేది చేతకానివాళ్ళని అంటుంది.’

తెల్లరంగు డబ్బా ఖాళీ. పరిగెత్తుకెళ్ళి కొనుక్కొస్తానన్నాను. ఈలోపే గోగో వచ్చేసింది. వచ్చి, గోడ చూసి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను అప్పటికే మనసులో గొళ్ళెం తీసేసి, గది వదిలేసి, జగిత్యాల బస్టాండ్‌లో దిగిపోయాను.

ఇదేమిటని అడిగింది. అమ్మ నేర్పిందని, మా ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే వాకిట్లో వేస్తారని, చుక్కల చుట్టూ గీత తిప్పుతారని చెప్పాను. మాటలు చాలక పుల్ల తీసుకుని మట్టిలో గీసి చూపించాను. థాండి గారు ఒక్కొక్క మాటా ఆమెకి చెప్పారు.

‘మనుషులు నడిచేచోట వేస్తారా?’ అంది గోగో.

‘అవును గోగో.’

‘సాయంత్రానికి పోతుంది కదా?’

‘పోతుంది.’

‘మళ్ళీ వేస్తుందా మీ అమ్మ?’

‘రోజూ వేస్తుంది.’

గోగో నాలుక అంగిట్లో టక్కుమనిపించింది. వాళ్ళ భాషలో ఆ చప్పుడు ఒక అక్షరమో, ఒక తిట్టో నాకు తెలీదు. మా ఇంట్లో అయితే కచ్చితంగా తిట్టే. ఆమె లేచి ఈకని నల్లరంగులో ముంచింది. చుక్కల్ని చెరపలేదు. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, నా చుక్కల పక్కగా మెట్లు మెట్లుగా గీత పైకి తీసుకెళ్ళింది. తర్వాత కుడి నుంచి కూడా అలాగే తెచ్చింది. ఒక్కసారి కూడా లెక్క చూసుకోలేదు, రెండూ నడిమి చుక్క మీద సరిగ్గా కలిశాయి. ఆ తర్వాత ఒక్కో చుక్క చుట్టూ పసుపు పూసి, థాండి గారితో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. తనొచ్చిన విమానం రాత్రిపూట దిగుతున్నప్పుడు గోగోకి కిటికీలోంచి ఈ దేశం ఇలాగే కనిపించిందట, చీకట్లో వరసగా దీపాలు. వాళ్ళ ఊరికి ఇంకా కరెంటు రాకముందే గోగో వాళ్ళమ్మ ఇంటి గోడ మీద బల్బు బొమ్మ వేసిందని, కావాలనుకున్నదాన్ని గోడ మీద ముందే పెట్టుకోవడం వాళ్ళింటి ఆడవాళ్ళ అలవాటని థాండి గారు చెప్పారు. నేను తలాడించాను గానీ గది ఊసు ఎవరూ ఎత్తలేదు.

భోజనానికి మొక్కజొన్న పిండి సంకటి, బీఫ్ కూర, ఆకుకూర పెట్టారు. బీఫ్ నేను తిననంటే ఎవరూ ఏమీ అనుకోకుండా బీన్స్ వడ్డించారు. సంకటి చేత్తోనే తిన్నాం, ప్రాణం లేచొచ్చింది. లిండీవే పూసలన్నీ వేసుకుని వచ్చి నిలబడింది. అడుగున వేళ్ళలా విడిపోయే నడుం పట్టీ గోగో పెళ్ళినాటిది. వెనక నేల మీద జీరాడే పొడుగాటి పూసల పట్టీ పేరుకి అర్థం పామట. ఆ అమ్మాయి లండన్‌లోనే పెరిగింది, గోగో వాళ్ళ భాషలో అడిగినదానికల్లా ఇంగ్లీషులో జవాబిస్తుంది. అయినా ఆ పట్టీ బరువుకి అడుగు ఎలా వేయాలో గోగో చూపిస్తే బుద్ధిగా అలాగే నడిచింది.

ఏడు గంటలకి థాండి గారే కార్లో స్టేషన్‌కి దింపారు. దారంతా ఆమె రోడ్డు చూస్తున్నారు, నేను ఆమె మొహం చూస్తున్నాను. స్టేషన్ ముందు ఆపి, ఇంజిన్ ఆపేశారు.

‘అమ్మ ఏమందో తెలుసా? రేపు పెళ్ళికొచ్చినవాళ్ళు ఆ చుక్కలేమిటని నన్నే అడుగుతారు, నాకేం తెలుసు, వేసిన పిల్లే వచ్చి గోడ పక్కన నిలబడి చెప్పుకోవాలి అంది. పెట్టెలు కూడా తెచ్చుకోమంది.’

‘పెట్టెలంటే?’

‘పెట్టెలంటే పెట్టెలే. గది నీదే.’

నేను థాంక్స్ చెప్పాలనుకున్నాను. ఏడుపు ముందొచ్చింది. థాండి గారు డాష్‌బోర్డులోంచి టిష్యూ తీసిచ్చి, ట్రైన్ పోతుంది వెళ్ళమన్నారు. ట్రైన్‌లో కిటికీ పక్కన కూర్చుని లావణ్యక్కకి ఫోన్ చేసి, ‘అక్కా, మీ సోఫా మీకే,’ అన్నాను. ‘నిజంగనా? ఇగ మంచిగ నిద్రపో,’ అంది. అక్క కూడా ఏడుస్తోందని గొంతులో తెలిసింది. ఆ రెండు గంటలూ నేను నిద్రపోలేదు. ఆరిన నల్లరంగు గోళ్ళ చివర్లలో ఉండిపోతే, దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున లావణ్యక్క నన్నూ రెండు సూట్‌కేసులనీ ఎవరిదో కార్లో వేసుకొచ్చి పెళ్ళికి దింపింది, తనూ ఉండి తినేసి వెళ్ళింది. నేను మాత్రం గోడ పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ ముగ్గు గురించి చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆ కిటికీ పక్క బల్ల మీదే ఇది రాస్తున్నాను. ఎక్కడో చెల్లాచెదురైన వాళ్ళు గోడ మీద గుర్తు పెట్టుకుని బతికారని విన్నప్పుడు అది చరిత్ర అనుకున్నాను. ఈ దేశంలో నాకంటూ ఒక గోడ లేని నెల రోజుల తర్వాత విన్నాను కాబట్టి, అది అంత దూరం కథలా ఇప్పుడు అనిపించడం లేదు. మొదటి మంచుకి పసుపు కాస్త వెలిసింది. గోగో ఫోన్ చేసినప్పుడల్లా మనవరాలి గురించి అడిగాక, దీపాలు ఉన్నాయా అని థాండి గారి చేత నన్ను అడిగిస్తుంది. ఉన్నాయి గోగో అంటాను. పొద్దున లేవగానే నేను మొదట చూసేది వాటినే. ఇక ఎక్కడికెళ్ళాలి అన్న గుబులు లేకుండా లేవడం ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది.

గది వెతుక్కుంటున్న వాళ్ళకి ఒకటే సలహా. ఫోటోలు చూసి సరే అనకండి, ఎంత దూరమైనా వెళ్ళి చూడండి, తిరుగు ట్రైన్ సాయంత్రానికి పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు పాత బట్టలు వేసుకోండి.